అంతా ఆటిజమేనా?

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటడానికి ముందు నెల్లూరు, ప్రకాశం జిల్లాల తీర గ్రామాల నుంచి ఎంతోమందిని పునరావాస కేంద్రాలకు తరలించారు. అలాంటి రాత్రిని ఆటిజం ఉన్న ఏడేళ్ల పిల్లవాడి వైపు నుంచి ఊహించుకుందాం. కరెంటు లేదు, రోజూ పడుకునే మంచం లేదు, రేకుల మీద వాన మోత, చుట్టూ ముక్కూమొహం తెలియని జనం. చెవులు మూసుకుని కేకలు పెడుతున్న వాణ్ని ఊరుకోబెట్టడానికి ఇద్దరు పెద్దవాళ్లు గట్టిగా అదిమిపట్టారు. ఇంటికి వచ్చాక వాడు మబ్బు పడితే చాలు మంచం కిందికి దూరుతున్నాడు, పక్క తడుపుతున్నాడు, అంతకుముందు పలికే నాలుగు మాటలూ మానేశాడు. గాలి సోకిందని తాయెత్తు కట్టించేవారు కొందరైతే, ఆటిజం ముదిరిందని సరిపెట్టుకునేవారు మరికొందరు. రెండో మాట శాస్త్రీయంగా వినిపిస్తుంది గనుక దాన్ని ఎవరూ ప్రశ్నించరు.

ఈ పొరపాటు వైద్యులకూ కొత్త కాదు. 1982లో అమెరికాలో స్టీవెన్ రీస్ బృందం ఒకే రకమైన భయ లక్షణాల వివరణను మనస్తత్వ నిపుణులకు ఇచ్చి చూసింది. ఆ వ్యక్తికి బుద్ధిమాంద్యం ఉందని చెప్పినప్పుడు, అవే లక్షణాలను మానసిక సమస్యగా గుర్తించే ధోరణి తగ్గింది. ముందే తెలిసిన పెద్ద లోపం పక్కనున్న బాధను కప్పేస్తుందన్నమాట. ఆటిజంలో ఈ చిక్కు మరీ ఎక్కువ, ఎందుకంటే నిద్ర పట్టకపోవడం, ఉలిక్కిపడటం, తలను గోడకు కొట్టుకోవడం, మనుషులకు దూరంగా ఉండటం వంటివి ఆటిజంలోనూ, మానసిక గాయంలోనూ కనిపిస్తాయి. తేడా తెలిసేది కాలాన్ని బట్టి: ఆటిజం లక్షణాలు పసితనం నుంచే ఉంటాయి, గాయం లక్షణాలకు సాధారణంగా ఒక మొదలు ఉంటుంది.

గాయపరిచే సంఘటన ఏది అన్న విషయంలోనూ మన అంచనా తప్పవచ్చు. మానసిక రుగ్మతలకు 2013 నాటి అమెరికా వర్గీకరణ డీఎస్ఎం-5 ప్రకారం చావు, తీవ్రమైన దెబ్బ, లైంగిక హింస లేదా వాటి ముప్పు ఉంటేనే పీటీఎస్డీ, అంటే భయంకర అనుభవం తర్వాత వెంటాడే మానసిక రుగ్మత, నిర్ధారణకు అవకాశం. శబ్దాన్నీ స్పర్శనూ ఎన్నో రెట్లు తీవ్రంగా అనుభవించే బిడ్డకు పన్ను పీకేటప్పుడు కట్టేసినట్టు పట్టుకోవడం, చీమకుర్తి వైపు గ్రానైట్ క్వారీలో హఠాత్తుగా పేలిన మందుగుండు, తరగతిలో నెలల తరబడి ఎదురైన వెక్కిరింపు కూడా అదే స్థాయి భయాన్ని మిగల్చగలవు.

హింస సంగతి వేరే చెప్పాలి. 2012లో లాన్సెట్ పత్రికలో వచ్చిన సమీక్ష ప్రకారం వైకల్యం ఉన్న పిల్లలు హింసకు గురయ్యే అవకాశం ఇతర పిల్లలకంటే 3.7 రెట్లు ఎక్కువ. మానసిక, మేధోపరమైన వైకల్యం ఉన్నవారిలో లైంగిక హింసకు అది 4.6 రెట్లు. ఆ లెక్కలు సంపన్న దేశాలవి, ఇక్కడి పరిస్థితి అంతకంటే మెరుగని అనుకోవడానికి కారణమేదీ కనిపించదు. స్నానానికీ దొడ్డికీ పరుల సాయం కావలసిన బిడ్డకు ఏ స్పర్శ తప్పో ఎవరూ నేర్పరు. పైగా చెప్పినట్టు వినడాన్నే థెరపీలోనూ ఇంట్లోనూ మెచ్చుకుంటాం. వద్దని చెప్పడం నేర్పే సెషన్లు ఎన్ని ఉంటాయో తల్లిదండ్రులు అడిగి తెలుసుకోవాలి.

విన్న మాటలను యథాతథంగా తిరిగి పలికే అలవాటు ఆటిజం ఉన్న కొందరిలో ఉంటుంది. అలాంటి బిడ్డ ఒకరోజు ఎవరిదో గొంతుతో "నోర్మూసుకో, అమ్మకు చెప్పావంటే చంపేస్తా" అని పదేపదే అంటుంటే టీవీలో విన్నాడని నవ్వి ఊరుకోకూడదు. అదొక్కటే రుజువు కాకపోవచ్చు. కానీ ఆ మాట ఎప్పుడు మొదలైంది, అప్పట్లో ఆటో డ్రైవరు మారాడా, కొత్త ఆయా వచ్చిందా, ఏ మనిషిని చూస్తే బిగుసుకుపోతున్నాడు అన్నవి తేదీలతో రాసిపెట్టుకుంటే వైద్యుడికి ఎంతో ఉపయోగం. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే మండల భవిత కేంద్రంలోని టీచరుకు బిడ్డ సైగలు తెలిసి ఉంటే ఆ సాయమూ తీసుకోవాలి. గాయానికి చికిత్స ఉంది. బొమ్మలతో, చిన్న అంగలతో, తల్లిదండ్రులను కలుపుకుని, మాటల చికిత్సను ఈ పిల్లలకు తగినట్టు మలుస్తారు.

లైంగిక హింస అనుమానం ఉంటే పిల్లల సహాయవాణి 1098కి ఫోన్ చేయవచ్చు. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం బిడ్డ వాంగ్మూలాన్ని ఇంటి దగ్గరే తీసుకోవచ్చు, పోలీసు అధికారి యూనిఫాంలో ఉండకూడదు, వైకల్యం ఉన్న బిడ్డ అయితే ప్రత్యేక ఉపాధ్యాయుడి సాయమో, ఆ బిడ్డ భాష తెలిసిన మనిషి సాయమో తీసుకోవచ్చు. అందుకని ఫిర్యాదు ఇచ్చేటప్పుడే బిడ్డ మాటలకు బదులు రోజూ వాడే బొమ్మల కార్డులను చూపించి, వాటిని చదవగల టీచరును పిలిపించమని కుటుంబం రాతపూర్వకంగా కోరడం మంచిది.