బరువు కావాలి, బిరుసు వద్దు

మా అన్నయ్య కూతురు ఇంటర్ పరీక్షలు అయిపోగానే ఆబిడ్స్‌కి వెళ్లి గిటార్ కొనుక్కుంది. ఇంటికి తెచ్చిన గంటకే ఫోన్. "బాబాయ్, ఇందులో నాలుగు తీగలు బంగారు రంగులో ఉన్నాయి, రెండు వెండి రంగులో ఉన్నాయి. అన్నీ ఒకే తీగ వేస్తే పోయేది కదా?"

ఏ తీగను ఏ స్వరానికి పెట్టాలో ఫోన్‌లో ఉన్న ట్యూనర్ యాప్ చెప్పేస్తుంది. దాని జోలికి నేను పోను. కానీ ఈ ప్రశ్న రెండు రోజులు నన్ను వదల్లేదు, ఎందుకంటే గిటార్ తీగల గురించి తెలుసుకోదగ్గదంతా దీని చుట్టూనే ఉంది.

తీగ సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో చెప్పేవి మూడే: పొడవు, బిగువు, బరువు. ఫ్రాన్సులో మెర్సెన్ అనే సన్యాసి 1636లోనే దీన్ని లెక్కగా రాసిపెట్టాడు. పొడవు రెట్టింపైతే కంపనాలు సగమవుతాయి. బిగువు నాలుగు రెట్లైతే కంపనాలు రెట్టింపు. మీటరు తీగ బరువు నాలుగు రెట్లైతే కంపనాలు సగం. ఎప్‌సెట్ కోచింగ్‌లో పిల్లలు ఈ సూత్రాన్ని నిద్రలో లేపి అడిగినా చెబుతారు. క్లాసుకి ఒక గిటార్ పట్టుకొచ్చి, తీగ బిగించే మర తిప్పి వినిపించిన లెక్చరర్‌ని మాత్రం నేనింతవరకూ చూడలేదు. ఐదు నిమిషాల పని. ఆ ఐదు నిమిషాలు దొరకని పిల్లల్ని తలుచుకుంటే నాకు నిజంగా బాధేస్తుంది.

ఇప్పుడు లెక్కలోకి వద్దాం. అన్నిటికన్నా సన్నటి ఒకటో తీగ సెకనుకు సుమారు 330 సార్లు కంపించాలి. ఆరో తీగ 82 సార్లు. అంటే నాలుగో వంతు, మన మాటల్లో రెండు స్థాయిలు కింద. పొడవు మార్చలేం, ఆరు తీగలూ నట్ (మెడ పైకొసన తీగలు ఆనే పట్టీ) నుంచి బ్రిడ్జి (పెట్టె మీద తీగలు కట్టే చెక్క) దాకా దాదాపు 65 సెంటీమీటర్లే. పోనీ బిగువు తగ్గిద్దామా? ఒకటో తీగ 0.3 మిల్లీమీటర్ల ఉక్కు తీగ. దాని మీద పదిన్నర కిలోల లాగుడు ఉంటుంది. అదే తీగను ఆరో తీగ స్వరానికి దించాలంటే లాగుడు పదహారో వంతుకు, అంటే 650 గ్రాములకు రావాలి. బట్టలారేసే తాడులా వేలాడి, మెడ మీది అడ్డ కమ్ములకు, అంటే ఫ్రెట్లకు కొట్టుకుని జరజరమంటుంది.

మిగిలింది బరువు. పదహారు రెట్లు బరువు కావాలంటే మందం నాలుగు రెట్లు ఉంటే చాలు, 1.2 మిల్లీమీటర్లు. సులువే అనిపిస్తుంది. కానీ మందం నాలుగు రెట్లైతే బరువు పదహారు రెట్లే పెరుగుతుంది గానీ, వంగనని మొరాయించే గుణం, అంటే బిరుసు, 256 రెట్లు పెరుగుతుంది. అది మందం నాలుగో ఘాతంతో పెరిగేది. అప్పుడది తీగ కాదు, కడ్డీ. తీగ మోగేటప్పుడు మొత్తంగా ఒక్కటే ఊగదు. సగాలుగా, మూడో వంతులుగా, పదో వంతులుగా కూడా ఒకేసారి ఊగుతుంది. ఆ ముక్కల స్వరాలు అసలు స్వరానికి రెట్టింపు, మూడు రెట్లు, పది రెట్లుగా కచ్చితంగా కలిస్తేనే చెవికి ఇంపు. ముక్క ఎంత చిన్నదైతే దాన్ని వంచడం అంత కష్టం కాబట్టి బిరుసు తీగలో పై స్వరాలు గాడి తప్పి పైకి జరుగుతాయి. ఈ 1.2 మిల్లీమీటర్ల కడ్డీకి లెక్క కట్టి చూశాను. పదో స్వరం ఉండాల్సిన చోటుకన్నా 20 శాతానికి పైగా ఎక్కువ, మూడు స్వరస్థానాలు (స్థాయికి పన్నెండు ఉంటాయి) దాటిపోతుంది. తనతో తనకే శ్రుతి కలవని తీగ అది!

అందుకే పూర్వం యూరప్‌లో పేగు తీగలతో వాయించే రోజుల్లో మంద్ర స్వరాల కోసం తీగల పొడవే పెంచేవారు. థియార్బో అనే వాద్యం మెడ అంత పొడవుండటానికి కారణం ఇదే. 17వ శతాబ్దం రెండో సగంలో ఎవరో సన్న పోగు మీద లోహపు తీగను చుట్టారు. వాద్యాల చరిత్రలో ఇంతకన్నా తెలివైన పని నాకు కనపడలేదు.

గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌లో ఒక బంతిపూల దండను చేతిలోకి తీసుకోండి. బరువంతా పూలది. లాగుడంతా దారానిది. ఎటు వంచితే అటు వంగుతుంది, ఎందుకంటే వంగేది దారం. పూలు పక్కపక్కన కాస్త జరుగుతాయంతే. అంతే బరువున్న వెదురు కర్రని మెడలో వేసుకోలేం. గిటార్ ఆరో తీగ అచ్చం ఈ దండే. లోపల అర మిల్లీమీటరు ఉక్కు పోగు, దాని మీద వరస తప్పకుండా చుట్టిన కంచు తీగ. బరువు పదహారు రెట్లకు చేరింది, బిరుసేమో కడ్డీతో పోలిస్తే 30 రెట్లకు పైగా తగ్గింది. ఆ కంచుదే మా అమ్మాయి చూసిన బంగారు రంగు.

దండ సంగతి గుర్తుంటే మిగతావన్నీ వాటంతటవే తెలుస్తాయి. పూల మధ్య సందుల్లో మట్టి కూరితే దండ బిగుసుకుపోతుంది. తీగ చుట్ల సందుల్లో చెమట, చర్మపు పొట్టు చేరినప్పుడూ అంతే. రాపిడి పెరిగి పై స్వరాలు ముందు చచ్చిపోతాయి. మన ఊరి ఏప్రిల్, మే నెలల్లో రోజూ వాయించేవాళ్లకు కొత్త తీగల మెరుపు నెల కూడా నిలవకపోవచ్చు. వాయించడం అవగానే పొడి గుడ్డతో తుడవండి. తుప్పు పట్టదని కొబ్బరినూనె రాసేవాళ్లున్నారు, దయచేసి వద్దు. ఆ నూనె పోయి చేరేది సందుల్లోకే.

దండ చివర ముడి వేయకుండా దారం తెంపితే పూలు జారిపోతాయి. చుట్టిన తీగ కూడా అలాంటిదే. ముందు మర దగ్గర వంచి, బిగించి, ఆ తర్వాతే మిగిలిన కొస కత్తిరించాలి. తిన్నగా ఉన్నప్పుడే కత్తిరిస్తే లోపల చుట్టు వదులై, కొన్ని తీగలు మొదటి రోజు నుంచే మొద్దుగా మోగుతాయి.

ఇక ఎంపిక. దుకాణంలో "పన్నెండు సెట్" అంటే ఒకటో తీగ 0.012 అంగుళాలని అర్థం. ఆరు తీగలూ కలిపి బ్రిడ్జిని 70 కిలోలకు పైగా లాగుతాయి, ఒక పెద్ద మనిషి వేలాడినట్టు. "పది సెట్" అయితే 60 కిలోల దగ్గర. కొత్తగా నేర్చుకునే వేళ్లకు పదే మేలు. నైలాన్ తీగల గిటార్‌కి మాత్రం ఉక్కు తీగలు వేయకండి. దాన్ని కట్టింది 40 కిలోల లాగుడుకే. నా మొదటి గిటార్‌కి ఒక దుకాణంలో ఉక్కు తీగలు వేసిచ్చారు. మూడు నెలల్లో బ్రిడ్జి లేచిపోయింది. ఆ చప్పుడు ఇప్పటికీ గుర్తుంది.

అన్ని తీగలూ ఒకేసారి విప్పితే మెడ విరుగుతుందని భయపెట్టేవాళ్లున్నారు. అరగంట విప్పి ఫ్రెట్లు తుడుచుకుంటే ఏమీ కాదు. తీగ తెగితే అపశకునమని మన సినిమాలు నేర్పాయి. తెగేది వంపు దగ్గర అలిసిపోయిన, తుప్పు పట్టిన ఉక్కు.

శ్రుతి గురించి ఒక్క మాట. బిగించిన ఒకటో తీగ మొత్తం మీద సాగి ఉండేది నాలుగైదు మిల్లీమీటర్లే. ఏసీ గదిలో శ్రుతి చేసి మే నెల డాబా మీదికి తీసుకెళ్తే, పది డిగ్రీల తేడాకి ఉక్కు మిల్లీమీటరులో పదో వంతు కూడా వ్యాకోచించదు. ఆ కాస్తకే స్వరం దాదాపు స్వరస్థానంలో పదో వంతు దిగుతుంది. చెవికి తెలిసిపోతుంది. తీగ మోసం చేసిందని తిట్టకుండా పావుగంట ఆగి, శ్రుతి మళ్లీ చూసుకోవాలి. ఎప్పుడూ కింది నుంచి పైకి బిగిస్తూ స్వరానికి రావాలి. దించుతూ వస్తే నట్ గాడిలో పట్టుకున్న తీగ వాయించేటప్పుడు జారుతుంది.

పోయిన ఆదివారం మా అమ్మాయి తీగలు మార్చింది. తీసేసిన ఆరో తీగ కొసను పట్టకారుతో గిల్లి, కంచు చుట్టును మెల్లగా లాగమన్నాను. స్ప్రింగులా మెలికలు తిరుగుతూ ఊడొచ్చింది. లోపలి పోగును వెలుతురులో పెట్టి చూసి, "బాబాయ్, ఇది కూడా వెండి రంగే!" అంది.