వేడి ముందు రాగికి, లెడ్ ఆ తర్వాత

చిరంజీవులందరికీ ఆశీస్సులు.

ఈ సెలవుల్లో సోల్డరింగ్, అంటే ఎలక్ట్రానిక్ పార్టులని కరిగిన లోహంతో అతకడం, నేర్చుకోవాలని ఉంది, ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు. ఏళ్ళ తరబడి టీవీలు, రేడియోలు బాగుచేసినవాణ్ణి కనుక ఈ సంగతి చెప్పడమంటే నాకు ఎంతో ఇష్టం. ఫోన్‌లో చెబితే సగం గాలికి పోతుంది. అందుకే రాస్తున్నాను, పక్కన పెట్టుకుని పని చేయండి.

అసలు మాట ముందే చెప్పేస్తాను. ఐరన్ అంటే కరెంటుతో మొన వేడెక్కే సోల్డరింగ్ ఐరన్, లెడ్ అంటే దాంతో కరిగించే తగరం, సీసం కలిపిన తీగ, మేం దాన్ని అలాగే పిలుస్తాం. ఐరన్‌తో వేడి చేయాల్సింది రాగిని. వేడెక్కిన రాగే లెడ్‌ని కరిగించుకోవాలి. కొత్తవాళ్ళు దాదాపు అందరూ దీన్ని తలకిందులుగా చేస్తారు. ఐరన్ మొన మీద ఇంత లెడ్ కరిగించి, ఆ ముద్దని తెచ్చి జాయింటుకి పులుముతారు. చూడ్డానికి అతుక్కున్నట్టే ఉంటుంది, కాస్త కదిలిస్తే సర్క్యూట్ పనిచేయడం మానేస్తుంది.

ఎందుకలా అవుతుందో తెలియాలంటే ఇత్తడి గిన్నెలకి కళాయి వేయడం ఎలా ఉంటుందో మీ అమ్మమ్మనో నాయనమ్మనో అడగండి. కళాయి వేసేవాళ్ళు వీధిలోనే చిన్న కొలిమి పెట్టుకుని, గిన్నెని బాగా కాల్చి, లోపల కాస్త నవాసారం చల్లి, తగరం ముక్క తాకించి, దూదితో గబగబా తుడిచేవారు. ఆ తుడుపుతో గిన్నె లోపలంతా తెల్లగా మెరిసిపోయేది. గిన్నె సరిగ్గా కాలకపోతే తగరం అంటదు, నవాసారం వేయకపోయినా అంటదు. గాలి తగిలిన చాలా లోహాల మీద ఆక్సైడ్ పొర ఒకటి పట్టి ఉంటుంది. వేడి మీద నవాసారం ఆ పొరని తీసేస్తుంది, అప్పుడు కిందున్న శుభ్రమైన లోహానికి తగరం పట్టుకుంటుంది. బోర్డు మీద మీరు చేయబోయేదీ అదే పని. అక్కడ నవాసారం, ఇక్కడ ఫ్లక్స్.

ఎలక్ట్రానిక్స్‌లో వాడే ఫ్లక్స్ ఎక్కువగా పైన్ చెట్టు బంక నుంచి తీసే రోజిన్. దాన్ని విడిగా పూయనక్కర్లేదు, మంచి లెడ్ తీగ నడుమ బోలుగా ఉండి అందులోనే రోజిన్ నింపి వస్తుంది. చిక్కంతా ఇక్కడే ఉంది. లెడ్‌ని ఐరన్ మొన మీదే కరిగించారనుకోండి, రోజిన్ అక్కడికక్కడే పొగైపోతుంది. మీరు ఆ ముద్దని జాయింటు దాకా మోసుకెళ్ళేసరికి ఆక్సైడ్‌ని తీసేవాడు లేడు, పైగా కింద రాగి చల్లగా ఉంది. ఇక లెడ్ దేన్ని పట్టుకుంటుంది? అదే రాగి వేడిగా ఉండి, లెడ్ అక్కడే కరిగితే రోజిన్ ముందు పారి శుభ్రం చేస్తుంది, వెనకే తగరం పారుతుంది. తగరం, రాగి కలిసిన చోట ఆ రెంటి పరమాణువులూ కలగలిసి ఒక కొత్త పదార్థం తయారవుతుంది. పొర మందం మైక్రాన్లలోనే ఉంటుంది గానీ, ఆ పొర పుట్టినప్పుడే జాయింటు పుట్టినట్టు లెక్క.

ఇక సామాను. 25 వాట్ల ఐరన్ చాలు, మూడు పిన్నుల ప్లగ్గున్నది తీసుకోండి. స్టాండ్ తప్పనిసరి. చిన్న కట్టర్, లెడ్ పీల్చే సక్కర్, తడి స్పాంజి, కరెంటు కొలిచే మల్టీమీటర్, చిల్లుల చుట్టూ రాగి ప్యాడ్లున్న డాట్ బోర్డులు నాలుగైదు. హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళు కోఠి గుజరాతీ గల్లీకి ఒక్కసారి వెళ్తే అన్నీ దొరికిపోతాయి. డబ్బులు ఎక్కడైనా తగ్గించుకోవాలనుకుంటే ఐరన్ దగ్గర తగ్గించుకోండి గానీ లెడ్ దగ్గర వద్దు. నాసిరకం తీగలో రోజిన్ సరిగ్గా ఉండదు, దాంతో ఎంత నేర్పున్నవాడైనా మంచి జాయింటు వేయలేడు.

తీగ రీలు మీద 60/40 అనో 63/37 అనో ఉంటుంది. మొదటి అంకె తగరం, రెండోది సీసం. 63/37 సరిగ్గా 183 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది, అక్కడే గట్టిపడుతుంది. 60/40 అయితే పూర్తిగా కరగడానికి 190 దాకా పోవాలి, ఆ నడుమ అటు ద్రవమూ కాక ఇటు ఘనమూ కాక మెత్తగా ఉంటుంది. ఆ మెత్తటి దశలో చెయ్యి కదిలితే జాయింటు పాడవుతుంది కనుక, చెయ్యి ఇంకా కుదరని మీకు 63/37 మేలు. దొరక్కపోతే 60/40తో కూడా హాయిగా నేర్చుకోవచ్చు. మందం 22 గేజ్ అడగండి, అంటే సుమారు 0.7 మిల్లీమీటర్లు. లావు తీగ తీసుకుంటే ఎంత పడుతోందో చేతికి తెలిసేలోపే ఎక్కువ పడిపోతుంది.

సీసం లేని తీగ కూడా ఉంది. యూరప్‌లో 2006 జులై 1 నుంచి ఎలక్ట్రానిక్ సామానులో సీసం మీద ఆంక్షలు వచ్చాక ఫ్యాక్టరీలు ఎక్కువగా అటు మళ్ళాయి. అది 217 డిగ్రీల పైన గానీ కరగదు, ఆరాక కాస్త మసకగా కనిపిస్తుంది. ఇంట్లో పాకే పిల్లలుంటే అదే కొనండి, నేర్చుకోవడం కొంచెం కష్టమైనా సరే.

కొత్త ఐరన్ మొదటిసారి వేడెక్కుతున్నప్పుడు దాని పక్కనే ఉండండి. లెడ్ తాకిస్తే కరిగే వేడి రాగానే మొనకంతా లెడ్ పట్టించండి. దీన్నే టిన్నింగ్ అంటారు. ఆలస్యమైతే బిట్ (అంటే ఐరన్ మొన) నల్లబడుతుంది, నల్లబడ్డ బిట్ నుంచి వేడి జాయింటుకి దిగదు. పని మధ్యలో మొన మురికి పడితే తడి స్పాంజి మీద ఒకసారి రాసి, వెంటనే చిటికెడు లెడ్ తాకించండి. స్పాంజి నీళ్ళు కారేలా ఉండకూడదు, పిండి పెట్టుకోండి. ఇంకో మాట, బిట్‌ని ఎప్పుడూ ఆకురాయితో రాయకండి. కరిగిన తగరంలో రాగి మెల్లమెల్లగా కరిగిపోతుంది కాబట్టి, ఇప్పటి మంచి బిట్ల మీద ఇనుప పూత ఉంటుంది. ఆకురాయి పెడితే ఆ పూత పోతుంది, ఆ తర్వాత కొద్ది రోజుల్లోనే మొనలో గుంటలు పడతాయి. పాత రోజుల్లో వట్టి రాగి బిట్లని రాసేవాళ్ళం కనుక ఇప్పటికీ కొందరు పెద్దవాళ్ళు అదే సలహా ఇస్తారు, వినకండి.

ఇప్పుడు ఒక్క జాయింటు దగ్గర ఆగుదాం. డాట్ బోర్డులో రెసిస్టర్ (కరెంటుని తగ్గించే చిన్న పార్టు) కాళ్ళు దూర్చి, వెనక వైపు కాస్త విడదీసి వంచండి, బోర్డు తిప్పితే జారిపోదు. కాళ్ళు నల్లగా ఉంటే ముందే బ్లేడుతో గీకండి. మోటార్లలో చుట్టే వైండింగ్ వైరు వాడుతుంటే ఈ గీకడం తప్పదు, దాని మీద వార్నిష్ ఉంటుంది. ఐరన్‌ని కలం పట్టుకున్నట్టు పిడి దగ్గర పట్టుకుని, మొన పక్క భాగాన్ని కాలికీ ప్యాడ్‌కీ రెంటికీ ఒకేసారి తగిలేలా ఆనించండి. చాలామంది కాలికి మాత్రమే తగిలిస్తారు, ప్యాడ్ చల్లగా ఉండిపోతుంది. నొక్కాల్సిన పనిలేదు, వేడి వెళ్ళేది తాకిడి వల్ల. మనసులో ఒకటి లెక్కపెట్టండి. ఇప్పుడు లెడ్ తీగని ఐరన్‌కి ఎదుటి వైపు నుంచి, రాగికి తాకించండి. వేడి సరిపోయి ఉంటే తీగ తాకీ తాకగానే కరిగి, ప్యాడ్ చుట్టూ తిరిగి, కాలి వెంట కొంచెం పైకి పాకుతుంది. ఈ పాకడాన్ని బాగా చూడండి, సోల్డరింగ్ మొత్తంలో మీ కన్ను నేర్చుకోవాల్సింది ఇదే. పాకగానే ముందు లెడ్ తీగ తీయండి, తర్వాత ఐరన్. ఈ వరస మారితే తీగ జాయింటులో అతుక్కుపోతుంది. మొత్తం రెండు మూడు సెకన్ల పని. అంతకు మించి ఐరన్ ఆనించి ఉంచితే రాగి ప్యాడ్‌ని బోర్డుకి పట్టి ఉంచే జిగురు వదిలేసి, ప్యాడ్ ఊడి వస్తుంది.

ఐరన్ తీశాక బోర్డుని కదపకండి, నోటితో ఊదకండి. దానంతటదే గట్టిపడనివ్వండి.

మంచి జాయింటుని పక్క నుంచి చూస్తే అంచులు లోపలికి వంపు తిరిగి, ప్యాడ్ నుంచి కాలి దాకా నున్నగా ఎక్కుతాయి, లెడ్ కింద కాలి ఆకారం తెలుస్తూనే ఉంటుంది. గుండ్రంగా ఉబ్బి కూర్చుంటే వేడి చాలలేదు, లేదా లెడ్ ఎక్కువైంది. గరుకుగా పలుకులు పలుకులుగా ఉంటే ఆరేటప్పుడు కదిలింది. కాలి చుట్టూ సన్నని గీత కనిపిస్తే కాలికి అసలు పట్టలేదు. ఇలా పట్టీ పట్టని జాయింటుని మేం డ్రై సోల్డర్ అంటాం.

పాత డబ్బా టీవీల రోజుల్లో మా దగ్గరికి వచ్చే రిపేర్లలో ఈ డ్రై సోల్డర్ కేసులకి లెక్కే లేదు. బొమ్మ ఆగిపోయినప్పుడు టీవీ నెత్తిన ఒక్కటి కొడితే మళ్ళీ వచ్చేదని మీ నాన్నలు చెప్పే ఉంటారు. అది వేళాకోళం కాదు. లోపల పగుళ్ళిచ్చిన జాయింటు ఒకటి ఉంటుంది, దెబ్బకి కాలు లెడ్‌కి మళ్ళీ తగులుతుంది, బొమ్మ వస్తుంది. స్క్రీన్ మొత్తం చీకటై నడిమిన అడ్డంగా ఒకే ఒక తెల్లని గీత మిగిలితే, మేం ముందు చూసేది బొమ్మని పైకీ కిందికీ పరిచే వర్టికల్ ఐసీ (చిప్) కాళ్ళనే. ఆ ఐసీ బాగా వేడెక్కుతుంది, టీవీ ఆపితే చల్లారుతుంది. రోజూ సాగి ముడుచుకుని కాలి చుట్టూ లెడ్ పగులుతుంది. ఆ కాళ్ళకి కొత్త లెడ్ పట్టిస్తే చాలాసార్లు గీత పోయి నిండు బొమ్మ వచ్చేసేది, ఒక్క పార్టు కూడా మార్చక్కర్లేకుండా. ఫ్యాక్టరీలో వేసిన జాయింటే వేడికి అలా అయిందంటే, మొదటి రోజే సరిగ్గా పట్టని జాయింటు ఎన్నాళ్ళుంటుందో మీరే ఊహించుకోండి.

జాగ్రత్తల విషయంలో నేను కటువుగానే చెబుతాను. మొన 300 డిగ్రీలు దాటి ఉంటుంది. ఐరన్ చెయ్యి జారితే పడనివ్వండి, పట్టుకోబోకండి. చెయ్యి కాలితే పంపు కింద పారే నీళ్ళలో 20 నిమిషాలు పెట్టండి. టూత్‌పేస్టు, ఇంకు రాయొద్దు. పార్టుల కాళ్ళు కత్తిరించేటప్పుడు ముక్క ఎగిరి కంట్లో పడుతుంది, ఆ ముక్కని రెండో చేత్తో పట్టుకునే కత్తిరించండి, కళ్ళజోడు పెట్టుకోండి. వచ్చే పొగ సీసానిది కాదు, రోజిన్‌ది. అయినా దాన్ని పీల్చకూడదు, ఆస్తమా తెప్పించగలదు. కిటికీ తెరిచి, పొగని మీ నుంచి అవతలికి లాగేలా చిన్న ఫ్యాను పెట్టుకోండి. సీసం చేరేది చేతుల ద్వారా. రెండు చేతులూ ఖాళీ లేవని లెడ్ తీగని పళ్ళ మధ్య పట్టుకునే మెకానిక్కులు ఉన్నారు, అది చూసి నేర్చుకోకండి. పని అయ్యాక సబ్బుతో చేతులు కడిగాకే ఏదైనా తినండి. ఎనిమిదో తరగతి లోపు వాళ్ళు పక్కన పెద్దవాళ్ళు లేకుండా ఐరన్ ప్లగ్గు పెట్టొద్దు.

ఇంకా ముఖ్యం. మీరు పని చేసే సర్క్యూట్లన్నీ బ్యాటరీవే కావాలి. ఫోన్ చార్జరో ఎల్ఈడీ బల్బో విప్పి చూద్దామని అనిపిస్తుంది, ఇప్పుడే వద్దు. 230 వోల్టుల కరెంటు డీసీ అయ్యాక లోపల కరెంటుని నిల్వ ఉంచే పెద్ద కెపాసిటర్ మీద 325 వోల్టుల దాకా ఉంటుంది, ప్లగ్గు పీకాక కూడా కాసేపు నిలిచి ఉండొచ్చు.

పైపులకీ రేకులకీ వాడే యాసిడ్ పేస్టు ఇంట్లో ఉంటే దాన్ని బోర్డు దరిదాపులకి రానివ్వకండి. ఆ రోజు జాయింటు అద్భుతంగా వస్తుంది, తర్వాత మెల్లగా రాగిని తినేస్తుంది.

తప్పుగా వేసిన పార్టు తీయాలంటే జాయింటు కరిగించి సక్కర్‌తో లాగేయాలి. పాత జాయింటు ఎంతకీ కరగకపోతే దానికి కాస్త కొత్త లెడ్ కలపండి. లెడ్ ఎక్కువైందని తీస్తుంటే ఇంకా కలపమంటాడేంటి అనుకుంటారు, కానీ కొత్త లెడ్‌లోని రోజిన్ వల్ల, కరిగిన లెడ్ నిండుగా తాకడం వల్ల వేడి చకచకా దిగి అంతా ఒకేసారి కరుగుతుంది.

మొదటి రెండు రోజులు పార్టులు ముట్టుకోకండి. ఒంటిపోగు రాగి తీగని పన్నెండు సమాన ముక్కలు చేసి, మూలల్లో అతికి ఒక ఘనం కట్టండి. ఒక మూల అతుకుతుంటే పక్క మూల ఊడుతుంది, విసుగొస్తుంది. ఐరన్ ఎంతసేపు ఆనించాలో చేతికి తెలిసేది ఆ ఊడటంలోనే. ఆ తర్వాత 9 వోల్టుల బ్యాటరీ, 470 ఓమ్‌ల రెసిస్టర్, ఎర్ర ఎల్ఈడీ తీసుకుని ఒకదాని వెనక ఒకటిగా కలపండి. రెసిస్టర్ మీద పసుపు, ఊదా, గోధుమ రంగు గీతలుంటాయి. ఎల్ఈడీకి పొడుగు కాలు ప్లస్. ఎల్ఈడీ సుమారు 2 వోల్టులు తీసుకుంటుంది, మిగిలిన 7ని 470తో భాగిస్తే దాదాపు 15 మిల్లీ ఆంపియర్లు, దానికి సరిపోయే కరెంటే. ఎల్ఈడీ దగ్గర ఐరన్ మరీ తొందరగా తీసేయండి, అది వేడికి ఓర్చుకోదు. పొట్టి పార్టులు ముందు అతకండి, పొడుగువి ఆఖర్న. అప్పుడు బోర్డు తిప్పి పెట్టినా కుదురుగా నిలుస్తుంది.

బ్యాటరీ తగిలించే ముందు మల్టీమీటర్‌ని బీప్ మీద పెట్టి, పక్కపక్క ప్యాడ్లు కలిసిపోయి షార్ట్ అయ్యాయేమో చూడండి. బోర్డుని మెల్లగా వంచుతూ కూడా బీప్ వినండి, తెగి తెగి వస్తే అక్కడ డ్రై సోల్డర్ ఉంది. అప్పటికీ వెలగకపోతే నాకు ఫొటోలు పంపండి. జాయింటుని పై నుంచి తీస్తే అంచు వంపు తెలియదు, బోర్డు అంచు దగ్గర ఫోన్ పెట్టి పక్క నుంచి తీయండి, వెనక టార్చ్ వేసి. ఏ కాలికి మళ్ళీ వేడి పెట్టాలో గుర్తు పెట్టి పంపుతాను.

మీ తాతయ్య