చైన్ సా కోతలో పట్టు తప్పుతోందా? అపోహలు – వాస్తవాలు

“ఊరికే రేసు ఇస్తే బ్రహ్మాండంగా ఉందండీ, మానులో పెడితేనే పడిపోతోంది.” కోనసీమలోనైనా, గోదావరికి ఇవతల పాలకొల్లు, నరసాపురం వైపైనా, చిన్న ఇంజన్లు బాగుచేసే షెడ్డుకు చైన్ సా తెచ్చినవారు ఎక్కువగా చెప్పే మాట ఇదే. ఈ ఒక్క లక్షణం వెనుక మొద్దుబారిన చైను మొదలుకొని గీతలు పడిన బోరు (పిస్టన్ కదిలే సిలిండరు) వరకు ఎన్నో కారణాలు ఉండవచ్చు. వాటిలో చాలా వాటికి కార్బొరేటర్‌తో సంబంధమే ఉండదు. అయినా మిషన్ మా బల్ల మీదికి వచ్చేసరికి ఎవరో ఒకరు దాని స్క్రూలు తిప్పేసే ఉంటారు. ముందు చైను, అది చుట్టూ తిరిగే పొడవాటి బారు. తరువాత గాలి వచ్చే దారి, పొగ పోయే దారి. ఆ తరువాత పెట్రోలు దారి. అన్నిటికీ చివర స్క్రూలు, బోరు. ఈ వరుస తప్పడం వల్లే చిన్న మరమ్మతు పెద్ద ఖర్చుగా మారుతోంది.

అపోహ: కోతలో పడిపోతోందంటే ఇంజన్‌లో బలం తగ్గినట్టే.

వాస్తవం: ముందుగా అనుమానించవలసింది చైనును. పదునుగా ఉన్న చైను దాదాపు మిషన్ బరువుతోనే మానులోకి దిగుతుంది. మొద్దుబారిన దానిని మనిషి నొక్కవలసి వస్తుంది. నొక్కిన కొద్దీ ఇంజన్ వేగం దిగిపోతుంది, క్లచ్ జారి వేడెక్కుతుంది, చూసేవారికి మాత్రం ఇంజన్ నీరసించినట్టు కనిపిస్తుంది. తేడా తెలియాలంటే రాలే పొట్టును చేతిలోకి తీసుకుని చూడాలి. పదునైన చైను తునకలు తునకలుగా తీస్తుంది, మొద్దుబారినది మెత్తని పొడి రాలుస్తుంది. అయితే కొబ్బరి మాను మీద ఈ పరీక్షను నమ్ముకోరాదు. అందులో చైను ఎంత పదునుగా ఉన్నా పీచు, పొడి కలిసే వస్తాయి కనుక, ఒక మామిడి కొమ్మనో నిద్రగన్నేరు కొమ్మనో కోసి చూడడం మేలు.

కొబ్బరి గురించి ఇంకొంత చెప్పాలి, ఎందుకంటే డెల్టాలో ఈ మిషన్లకు ఎక్కువ పని దానితోనే. మామిడికి, టేకుకు చేవ లోపల ఉంటే కొబ్బరికి గట్టిదనమంతా వెలుపలి పొరల్లో ఉంటుంది, మధ్యది బెండు. పైగా తాటి, కొబ్బరి జాతి చెట్ల కణాల్లో సిలికా రేణువులు ఉంటాయి. అవి పంటి అంచును త్వరగా అరగదీస్తాయి. 1996 నవంబరు తుపానులో లాగా తోటలకు తోటలు నేలకూలినప్పుడు మానులు బురదలోనూ ఇసుకలోనూ పడి ఉంటాయి, ఆ ఇసుక మీదుగా ఒక్క కోత కోస్తే చాలు, పొద్దున పెట్టిన పదును పోతుంది. పెరటి చెట్లలోనైతే బట్టల తీగకు కొట్టిన మేకులు లోపలికి కూరుకుపోయి పైకి కనిపించవు. అందువల్ల మానును కడిగో, గీకో శుభ్రం చేసి, వేళ్లతో తడిమి చూసిన తరువాతే కోత మొదలుపెట్టాలి.

ఆకురాయి పట్టడంలోనూ రెండు పొరపాట్లు తరచుగా కనిపిస్తాయి. పళ్లను మాత్రమే రాస్తూ పోయి, పంటి ముందుండే చిన్న దిమ్మను, అంటే డెప్త్ గేజ్‌ను, అలాగే వదిలేస్తే పన్ను ఎంత పదునుగా ఉన్నా మానును అందుకోలేదు. చైను తిరుగుతూ ఉంటుంది, కోత మాత్రం దిగదు. దానికి విరుగుడని ఆ దిమ్మను అతిగా రాసేస్తే ప్రతి పన్నూ మోయలేనంత కరిచి, ఇంజన్ కోతలోనే ఆగిపోతుంది. పంటి కొనకూ దిమ్మకూ మధ్య ఎత్తులో తేడా చాలా రకాల చైన్లకు సుమారు 0.65 మిల్లీమీటర్లు ఉండాలి. దీనికి గేజ్ ముక్క దొరుకుతుంది, కంటి అంచనా పనికిరాదు. ఒకవైపు పళ్లు పొడవుగా, మరోవైపువి పొట్టిగా ఉంటే కోత వంకర తిరిగి బారును బిగబడుతుంది. అప్పుడు కూడా నింద ఇంజన్ మీదే పడుతుంది.

కాలువ గట్టు నుంచి గట్టుకు అడ్డంగా పడిన చెట్టును నడిమధ్య పై నుంచి కోస్తే మాను తన బరువుకు కుంగి కోతను మూసేస్తుంది. అది మిషన్ దోషం కానే కాదు. కోత కొంత దిగగానే వెడ్జ్ పెట్టాలి, మిగిలినది కింది నుంచి కోయాలి.

చైను సరిగా ఉందని తేలిన తరువాత బారును చూడాలి. ఇంజన్ ఆపి, బ్రేకు వదిలి, గ్లౌజు తొడిగిన చేతితో చైనును లాగితే అది సాఫీగా కదలాలి. కదలకపోతే చైను అతిగా బిగిసి ఉండవచ్చు, బ్రేకు బ్యాండు రాసుకుంటూ ఉండవచ్చు, లేదా చైనును తిప్పే పళ్ల చక్రం, అంటే స్ప్రాకెట్, మూత కింద కొబ్బరి పీచు చుట్టుకుని ఉండవచ్చు. ఈ పీచు ఆయిల్‌తో కలిసి గట్టి ముద్దగా తయారవుతుంది; కొబ్బరి కోసిన రోజున మూత విప్పి దానిని తీయకుండా మిషన్‌ను పక్కన పెట్టరాదు. బారుకు ఆయిల్ అందుతోందో లేదో తెలియాలంటే బారు మొనను ఒక పాత కాగితానికి కొద్ది దూరంలో పట్టి రేసు ఇవ్వాలి. కాగితం మీద సన్నని ఆయిల్ చార పడకపోతే రంధ్రం పూడిందనుకోవచ్చు. మోటారు సైకిల్ నుంచి దింపిన నల్ల ఆయిల్ పోసేవారి బార్లలో ఈ రంధ్రమే ఎక్కువగా పూడుతుంది, దానిలోని లోహపు పొడి పంపును కూడా తినేస్తుంది.

అపోహ: మిషన్ ఎంత గట్టిగా అరిస్తే అంత బలం.

వాస్తవం: అన్నిటికంటే ఎక్కువ బోర్లను బలిగొన్న నమ్మకం ఇదే. కార్బొరేటర్‌లో హెచ్ అని రాసి ఉండే స్క్రూ పూర్తి రేసులో వెళ్లే పెట్రోలును నిర్ణయిస్తుంది. దానిని బిగిస్తే పెట్రోలు తగ్గి, ఖాళీగా తిప్పినప్పుడు వేగం పెరిగి, కీచుమనే అరుపు వస్తుంది. కానీ టూ స్ట్రోక్ ఇంజన్‌కు ఆయిల్ అందేది ఆ పెట్రోలుతోనే కనుక, పెట్రోలు తగ్గితే పిస్టన్‌కు అందే ఆయిల్, చల్లదనం రెండూ తగ్గుతాయి. సరిగా అమర్చిన మిషన్ గాలిలో పూర్తి రేసు ఇచ్చినప్పుడు కొంచెం గరగరలాడుతుంది. మానులో పెట్టగానే ఆ గరగర పోయి శబ్దం శుభ్రపడుతుంది. గాలిలో శుభ్రంగా అరిచి మానులో నీరసిస్తే పెట్రోలు చాలడం లేదని అర్థం. మానులోనూ గరగర పోకుండా పొగ వదులుతుంటే పెట్రోలు ఎక్కువవుతోంది, లేదా గాలి తక్కువవుతోంది.

ఆ రెండవ సందర్భంలోనే ఉచ్చు ఉంది. ఎయిర్ ఫిల్టర్ పూడి గాలి తగ్గినప్పుడు మిషన్ బరువుగా లాగుతుంది. ఫిల్టర్ సంగతి చూడకుండా హెచ్ స్క్రూను బిగిస్తే ఆ పూటకు బాగుపడినట్టే ఉంటుంది. వారం తరువాత ఎవరో ఫిల్టర్ కడిగి పెడతారు. గాలి మామూలుగా రావడం మొదలవుతుంది, పెట్రోలు మాత్రం తగ్గించినంతే ఉంటుంది, మరుసటి పెద్ద మానులో పిస్టన్ పట్టేస్తుంది. కనుక ఫిల్టర్‌ను సబ్బు నీటితో కడిగి, పూర్తిగా ఆరనిచ్చి బిగించిన తరువాత కూడా అవసరమైతేనే స్క్రూ వైపు చేయి పోవాలి. కోత త్వరగా ముగించాలని ఫిల్టర్ తీసేసి నడిపేవారూ ఉన్నారు. ఆ దుమ్ము నేరుగా బోరులోకే వెళుతుంది.

అపోహ: పెట్రోలులో టూటీ ఆయిల్ (టూ స్ట్రోక్ ఇంజన్ ఆయిల్) ఎంత ఎక్కువ కలిపితే ఇంజన్‌కు అంత రక్ష.

వాస్తవం: మిషన్ పుస్తకంలో 50:1 అని ఉంటే 5 లీటర్ల పెట్రోలుకు 100 మిల్లీలీటర్లు, 25:1 అని ఉంటే 200 మిల్లీలీటర్లు. 50:1 చెప్పిన మిషన్‌కు రెట్టింపు ఆయిల్ పోస్తే మిగులు ఆయిల్ మసిగా మారి సైలెన్సర్‌లోని జల్లెడను, పిస్టన్ ఎదురుగా ఉండే పొగ రంధ్రాన్ని పూడ్చేస్తుంది. పొగ బయటికి పోకపోతే కొత్త గాలి లోపలికి రాదు. చిన్న రేసులో బాగానే ఉండి పూర్తి రేసులో, అందులోనూ భారం పడినప్పుడు, మిషన్ ఉక్కిరిబిక్కిరవుతుంది. జల్లెడను విప్పి వైరు బ్రష్‌తో రుద్దడం పది నిమిషాల పని. నాలుగైదేళ్లుగా వాడుతున్న మిషన్‌కు అలాంటి జల్లెడ ఒకటి ఉంటుందనే సంగతి తెలియని యజమానులు చాలామంది ఉన్నారు.

అపోహ: కాసేపు నడిచి ఆగిపోయి, చల్లారాక మళ్లీ నడిస్తే ప్లగ్గుకు కరెంటు ఇచ్చే కాయిల్ పోయినట్టే.

వాస్తవం: కాయిల్ కావచ్చు, కానీ దానికంటే చవకైన కారణం ముందు చూడాలి. ట్యాంకులోని పెట్రోలు తగ్గుతున్న కొద్దీ ఆ ఖాళీలోకి గాలి రావాలి. అందుకోసం ఉండే చిన్న వెంట్ దుమ్ముతో పూడితే లోపల శూన్యం ఏర్పడి పెట్రోలు కార్బొరేటర్ వరకు రాదు. మిషన్ ఆగిన వెంటనే, దగ్గరలో బీడీ గాని పొయ్యి గాని లేకుండా చూసుకుని, మూతను మెల్లగా వదులు చేయాలి. గాలి లోపలికి ‘స్స్’మని పీల్చుకుని, ఆ తరువాత మిషన్ చల్లారకముందే అందుకుని మామూలుగా లాగితే దోషం వెంట్‌దే. మూత తీసినా మార్పు లేకపోతే వేడిగా ఉండగానే ప్లగ్గు విప్పి, దాని లోహపు భాగం ఇంజన్‌కు తగిలేలా, ప్లగ్గు రంధ్రానికి దూరంగా పెట్టి తాడు లాగాలి. వేడిలో నిప్పు రవ్వ రాక, చల్లారాక వస్తే అప్పుడు కాయిల్‌ను అనుమానించాలి.

అపోహ: మూత బిగించి పెట్టిన పెట్రోలు ఎన్నాళ్లయినా పాడవదు.

వాస్తవం: ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ ఉంటోంది, చేతితో సరిచేసే కార్బొరేటర్ ఉన్న అనేక చైన్ సాల పుస్తకాలు మాత్రం 10 శాతం దాటవద్దంటాయి. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, డెల్టా గాలిలో తేమకు కొదవ లేదు. నీరు ఒక హద్దు దాటితే ఇథనాల్‌తో కలిసి అడుగుకు దిగిపోతుంది, టూటీ ఆయిల్ పైనున్న పెట్రోలులోనే ఉండిపోతుంది. ట్యాంకులో ఫిల్టర్ ఉండేది అడుగునే కనుక ఇంజన్ ఆయిల్ లేని ద్రవాన్ని తాగుతుంది. అనుమానం వస్తే ఆ పెట్రోలును గాజు సీసాలో పోసి కాసేపు కదపకుండా ఉంచాలి. అడుగున వేరే పొర కనిపిస్తే ఆ సీసాలోదే కాదు, డబ్బాలోది కూడా వాడరాదు. నెలకు మించి నిల్వ చేయకపోవడం, పని లేని కాలంలో ట్యాంకు ఖాళీ చేసి మిషన్ తనంతట తాను ఆగే వరకు నడపడం మంచిది. కార్బొరేటర్‌లో పెట్రోలు తోడే పలుచని పొర, అంటే డయాఫ్రమ్, ఇలాంటి పెట్రోలులో నాని, ఎండి గట్టిపడుతుంది. విప్పి వేలితో తట్టినప్పుడు టకటకలాడితే అది పూర్తి రేసుకు కావలసిన పెట్రోలును తోడలేదు, మార్చవలసిందే.

అపోహ: ఇవన్నీ ఎందుకు, కొత్త బోరు కిట్టు వేస్తే సరిపోతుంది.

వాస్తవం: బోరు పోయిందో లేదో తెలియడానికి ఇంజన్ విప్పనక్కరలేదు. సైలెన్సర్ విప్పి, తాడును మెల్లగా లాగుతూ పొగ రంధ్రంలోంచి టార్చి వేసి పిస్టన్‌ను చూడాలి. నిగనిగలాడుతూ ఉంటే మంచిది. నిలువు గీతలు, అంటుకున్న అల్యూమినియం మరకలు పొగ వైపే ఉంటే పెట్రోలో ఆయిలో చాలక వేడికి పట్టేసిందని, గాలి వచ్చే వైపు మసకబారి అరిగి ఉంటే ఫిల్టర్ దాటి దుమ్ము వెళ్లిందని సాధారణంగా అర్థం చేసుకోవచ్చు. ప్లగ్గు రంధ్రంలో కంప్రెషన్ గేజ్ పెట్టి తాడు లాగినప్పుడు ఆరోగ్యమైన బోరు సాధారణంగా చదరపు అంగుళానికి 120 పౌండ్లకు పైన ఒత్తిడి చూపుతుంది, 90కి దిగువన ఉంటే అది కోతలో నిలబడదు.

గీతలు కనిపించినా వెంటనే కిట్టు కొనరాదు, ఎందుకంటే ఆ గీతలకు కారణమైనది ఇంకా మిషన్‌లోనే ఉండవచ్చు. క్రాంకు సీలు (ఇంజన్ ఇరుసు చుట్టూ గాలిని ఆపే రబ్బరు వలయం) అరిగినా, కార్బొరేటర్‌కూ బోరుకూ మధ్యనున్న రబ్బరు పైపు చిట్లినా బయటి గాలి దొంగతనంగా లోపలికి వచ్చి పెట్రోలు పాలు తగ్గిపోతుంది. చిన్న రేసులో వేగం నిలకడ లేకుండా పెరుగుతూ తగ్గుతూ ఉండడం, మిషన్‌ను పక్కకు వంచితే శబ్దం మారడం దీని ఆనవాళ్లు. పొగ రంధ్రాన్నీ గాలి రంధ్రాన్నీ రబ్బరు ముక్కలతో మూసి, చేతి పంపుతో అర బార్ ఒత్తిడి పెట్టి, సీళ్ల చుట్టూ సబ్బు నీరు రాస్తే గాలి పోయే చోట బుడగలు వస్తాయి. కొన్ని సీళ్లు లోపలి నుంచి నెట్టినప్పుడు ఆగి, బయటి నుంచి పీల్చినప్పుడు వదిలేస్తాయి కనుక పంపును తిప్పి శూన్యం పెట్టి కూడా చూడాలి. రెండు విధాలా పంపు గేజ్ ముల్లు కదలకుండా నిలిచిన తరువాతే కొత్త బోరు బిగించాలి, హెచ్ స్క్రూను మళ్లీ మొదటి నుంచి సరిచేయాలి.