13 శాతం వాలులో ఇద్దరు

సింహాచలం ఘాట్ రోడ్డు మీద బండి దింపే ఎవరినైనా అడగండి, వెనక కూర్చున్నవాడి గురించే ముందు చెబుతారు. మలుపులో బండి ఎడమకు వాలుతుంటే వాడు జడిసి కుడికి ఒరిగాడంటే ఇద్దరి పనీ అయిపోయినట్టే. వాడి తప్పని కూడా అనలేం, ఆ క్షణంలో ఒళ్లు మన మాట వినదు. ఇప్పుడు అదే రోడ్డంతా గట్టి మంచు పరుచుకుందనీ, బండికి చక్రాలూ బ్రేకులూ లేవనీ, ఇద్దరూ ఒకరినొకరు ఆనుకుని వెనక్కి వాలి, కాళ్లు ముందుకు చాపి దిగుతున్నారనీ ఊహించుకోండి. నేచురల్ ట్రాక్ లూజ్ డబుల్స్ అనే ఆట, అంటే స్లెడ్ అనే జారుడు బండి మీద ఇద్దరు కలిసి మంచు దారిలో దిగే పందెం, దాదాపు అలాగే ఉంటుంది.

వింటర్ ఒలింపిక్స్‌లో టీవీలో చూసే లూజ్ వేరు. అది కాంక్రీటు కాలువలాంటి ట్రాక్. కింద పైపులతో మంచును గడ్డకట్టిస్తారు, మలుపుల్లో గోడలు లేపుతారు, వేగం గంటకు 140 కిలోమీటర్లు దాకా పోతుంది. నేచురల్ ట్రాక్ అంటే ఆల్ప్స్ కొండల్లో ముందునుంచీ ఉన్న దారి. మలుపుల్లో గట్లు కట్టకూడదు, యంత్రాలతో చల్లబరచకూడదు, సగటు వాలు 13 శాతం దాటకూడదు. రాత్రిపూట నీళ్లు చల్లి, చలి దయ మీద వదిలేస్తారు. చలికాలం వెచ్చగా వస్తే పోటీ రద్దు.

పుట్టుక చూస్తే ఈ ఆటే పెద్దది. 1883లో స్విట్జర్లాండ్‌లోని దావోస్ నుంచి క్లోస్టర్స్ దాకా నాలుగు కిలోమీటర్ల మామూలు రోడ్డు మీద అంతర్జాతీయ పందెం జరిగింది. 1964లో ఒలింపిక్స్ గుమ్మం తొక్కింది మాత్రం కట్టిన ట్రాక్. నేచురల్ ట్రాక్ వాళ్లు 1979లో జర్మనీలోని ఇంజెల్‌లో సొంతంగా ప్రపంచ పోటీలు మొదలుపెట్టుకున్నారు. ఒలింపిక్స్‌లోకి ఇప్పటికీ పిలుపు లేదు. చూడ్డానికి ఒలింపిక్ లూజ్ బాగుంటుంది గానీ, ఫిజిక్స్ చెప్పేవాడికి ఇదే ఇష్టం. గోడ సాయం లేదు కదా, ప్రతి మలుపునూ మనిషే తిప్పాలి.

13 శాతం వాలంటే వంద మీటర్లు ముందుకెళ్తే 13 మీటర్లు కిందికి దిగడం. వినడానికి పెద్దగా అనిపించదు. లెక్క వేసి చూద్దాం. మంచు మీద ఉక్కు రాపిడి గుణకం 0.02 అనుకుంటే స్లెడ్ వేగం ప్రతి సెకనుకూ గంటకు సుమారు 3.85 కిలోమీటర్ల చొప్పున పెరుగుతుంది. గాలిని పక్కన పెడితే, నిలబడ్డ చోటునుంచి 200 మీటర్లు జారేసరికి గంటకు 74 కిలోమీటర్ల వేగం. ఈ లెక్కలో బరువు ఎక్కడా లేదు. ఒక్కరు దిగినా ఇద్దరు దిగినా భూమి లాగే తీరు ఒకటే. తేడా తెచ్చేది గాలి. ఇద్దరి బరువు ఒక్కరికి దాదాపు రెట్టింపు. ఒకరి మాటున ఒకరు ఉంటారు కాబట్టి గాలికి ఎదురయ్యే వెడల్పు మాత్రం అంత పెరగదు. అందుకే తిన్నటి దారిలో డబుల్స్ స్లెడ్ కొంచెం లాభపడుతుంది. ఆ లాభాన్ని మలుపు వడ్డీతో సహా వసూలు చేసుకుంటుంది.

మంచు ఎందుకు జారుతుందో కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే బడిలో చాలామందికి దీన్ని తప్పుగా చెప్పారు. బరువు ఒత్తిడికి మంచు కరిగి జారుతుందన్నది పాత వివరణ. మంచు కరిగే ఉష్ణోగ్రతను ఒక్క డిగ్రీ దించాలంటేనే 130 అట్మాస్ఫియర్లకు పైగా ఒత్తిడి కావాలి. మైనస్ 10 డిగ్రీల్లో ఆ దారిన కరిగించాలంటే వెయ్యికి పైమాటే. అసలు సంగతిని 1850లోనే శాస్త్రవేత్త ఫారడే పసిగట్టాడు, మంచు పైపొర ఎప్పుడూ కాస్త నీరులాగే ఉంటుందని. పైన ఉన్న అణువులకు పట్టుకునే పొరుగువాళ్లు తక్కువ, అందుకని వదులుగా ఉంటాయి. దానికి రాపిడి వేడి తోడవుతుంది. చలి మరీ ముదిరితే ఆ పొర పలచబడి స్లెడ్ పట్టేస్తుంది. సున్నాకు దగ్గరైతే మంచు మెత్తబడి ఉక్కు దిగబడుతుంది. మధ్యలో, మైనస్ 7 చుట్టుపక్కల, బాగా జారుతుంది.

ఇక మలుపు. 15 మీటర్ల వ్యాసార్థంతో దాదాపు వెనక్కి తిరిగే హెయిర్‌పిన్‌ను గంటకు 36 కిలోమీటర్లతో తిరగాలంటే, బరువులో మూడింట రెండు వంతులంత బలం పక్కనుంచి రావాలి. వేగం రెట్టింపైతే ఆ బలం నాలుగింతలు. ఒలింపిక్ ట్రాక్‌లో దాన్ని గోడ ఇస్తుంది. ఇక్కడ ఇచ్చేది చెక్క రన్నర్ (స్లెడ్ జారే పొడవాటి పట్టె) కింద ఏటవాలుగా బిగించిన ఉక్కు పట్టీ అంచు ఒక్కటే. మంచులోకి అది కోసుకుని దిగితేనే స్లెడ్ తిరుగుతుంది. అంచు మరీ పదునుగా ఉంటే పట్టు బాగుంటుంది గానీ తిన్నటి దారిలో కొరుకుతూ వేగం తినేస్తుంది. మొద్దుబారితే మలుపులో పక్కకు కొట్టుకుపోతుంది. అందుకే ఆకురాయి పట్టుకుని, మర్నాటి చలి ఎంతుంటుందో ముందే అంచనా కట్టి అంచు దిద్దుకోవాలి. పగటివేళ ఎండ తగిలితే ఆ అంచనా గల్లంతు.

తిప్పే పనిని శరీరం మొత్తం చేస్తుంది. ఒక చేత్తో పగ్గం లాగాలి, కాలితో రన్నర్‌ను లోపలికి నొక్కాలి, భుజాన్ని మలుపు వైపు వాల్చాలి. బ్రేకంటే బూటు అడుగున ఉన్న ఇనుప ముళ్లే. డబుల్స్‌లో ఇదంతా ఇద్దరూ ఒకేసారి చెయ్యాలి. బరువు రెట్టింపు, మంచును పట్టుకునే అంచులు మాత్రం అవే రెండు. పైగా పొడవాటి బరువు కాబట్టి స్లెడ్ తిరగడానికే మొరాయిస్తుంది. వెనకవాడికి దారి సరిగ్గా కనబడదు. ముందువాడి భుజం కదలికను తన ఛాతీతో గుర్తుపట్టి వాలాలి. మాటలకు టైముండదు. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో సెకనులో పదోవంతు ఆలస్యమంటే మీటరున్నర పైగా దూరం, చాలా మలుపుల్లో బయటి అంచు అంతకన్నా దగ్గరే.

అందుకే డబుల్స్ కెరీర్‌లో ఆటగాడి సొంత సత్తా కన్నా ఇద్దరూ కలిసి దిగిన ఏళ్లే ఎక్కువ పనికొస్తాయని నా నమ్మకం. ఇటలీలోని దక్షిణ టైరోల్‌కు చెందిన పాట్రిక్ పిగ్నెటర్, ఫ్లోరియన్ క్లారా జంట ఏళ్ల తరబడి కలిసి దిగి ప్రపంచ టైటిళ్లు గెలిచింది. పిగ్నెటర్ సింగిల్స్‌లోనూ ప్రపంచ విజేతే, అయినా క్లారాను వదల్లేదు. జోడీ విడిపోతే స్లెడ్ అమరిక, బరువు సర్దుబాటు, వాలే లయ అన్నీ మొదటికొస్తాయి. సింగిల్స్ వాడికి గాయమైతే ఒక్కడి సీజన్ పోతుంది, ఇక్కడ ఇద్దరిదీ పోతుంది.

డబ్బు మాటకొస్తే, ఒలింపిక్స్ లేని ఆటకు స్పాన్సర్లు ఎంత ఉంటారో చెప్పనక్కర్లేదు. ఇటలీలో చాలామంది శీతాకాల క్రీడాకారులు పోలీసు, సైనిక విభాగాల్లో ఉద్యోగం చూసుకుని ఆడతారు. విశాఖలో రైల్వే స్పోర్ట్స్ కోటా కోసం ఎదురుచూసే పిల్లలకు ఈ లెక్క విడమరచి చెప్పక్కర్లేదు.

మన దగ్గర మంచు సంగతి తెలిసిందే. లంబసింగిలో జనవరి తెల్లవారుజామున సున్నా దాకా పడిపోయినా, గడ్డి మీద నూగులా పట్టి ఎండకు పోతుంది. మనాలి దగ్గరి శివ కేశవన్ అనే ఒలింపిక్ లూజ్ ఆటగాడు మాత్రం చక్రాలు బిగించిన స్లెడ్‌తో హిమాలయ రోడ్ల మీద సాధన చేసి, 1998 నుంచి 2018 దాకా ఆరు వింటర్ ఒలింపిక్స్ ఆడాడు. ఆల్ప్స్ వాళ్లు కూడా వేసవిలో తారు రోడ్డు మీద చక్రాల స్లెడ్లే నడుపుతారు. కాబట్టి ట్రాఫిక్ ఆపి ఒక పూట కైలాసగిరి రోడ్డిస్తే, మలుపులో ఏ గీత వెంట దిగాలో ఎంచుకోవడం, జోడీగా వాలడం మన కుర్రాళ్లూ నేర్చుకోవచ్చు. అంచు పట్టు మాత్రం రాదు. రబ్బరు చక్రం తారును గట్టిగా పట్టుకుని ఉంటుంది, జారే ముందు కీచుమని చెబుతుంది. ఉక్కు అంచు చెప్పదు. అది నేర్చుకోవడానికి మంచు దగ్గరికే వెళ్లాలి, అదీ ఇద్దరూ కలిసి.