అపోహలు - వాస్తవాలు: మళ్లీ దొరకని పిట్ట చచ్చిపోయినట్టేనా?

మొన్న ఒక పరిశోధక విద్యార్థిని నుంచి మళ్లీ అదే ఫోన్. "మేడమ్, పక్షి మశూచి సోకిన పిట్టలు సగానికి సగం పోయాయి." ఎలా తెలిసిందమ్మా అంటే, రెండోసారి వల కట్టినప్పుడు దొరకలేదట. హైదరాబాద్‌లో కూర్చుని అడవి జంతువుల లెక్కలు సరిచూడటం నా పని. ఈ మాట ఎన్నిసార్లు విన్నానో. పాపం, ఆ పిల్లకు వచ్చే నెలే థీసిస్ ఇవ్వాలి, గొంతు వణుకుతోంది. అందుకే తిట్టలేదు. ఇక్కడ రాస్తున్నా.

అపోహ: మళ్లీ దొరకలేదంటే చచ్చిపోయినట్టే.

మళ్లీ దొరకాలంటే రెండు జరగాలి: అది బతికి ఉండాలి, మన చేతికి చిక్కాలి. మీ నోటుబుక్కులో ఉన్నది ఆ రెండింటి లబ్ధం. దాన్నే మనుగడ అని రాసేస్తే ఎలా? ఉదాహరణకి కాలికి గుర్తు రింగులు వేసి వదిలిన పిట్టలు 100 అనుకోండి. బాగున్నవి 60, జబ్బువి 40. మరుసటి సీజన్లో బాగున్నవాటిలో 30 దొరికాయి, జబ్బువాటిలో 10. అంటే 50 శాతం, 25 శాతం. జబ్బు మనుగడను సగం చేసేసిందనిపిస్తుంది కదా? బతికున్న మంచి పిట్ట వలలో పడే అవకాశం 0.6, జబ్బుదానికి 0.3 అయితే? 0.5ని 0.6తో, 0.25ని 0.3తో భాగించండి. రెండూ 0.83. ఆ జబ్బు ఒక్క పిట్టనూ అదనంగా చంపలేదు.

మరి ఆ 0.6, 0.3 ఎక్కడి నుంచి వస్తాయి? మొదటిసారి దొరికి, రెండోసారి తప్పించుకుని, మూడోసారి మళ్లీ దొరికిన పిట్టల నుంచి. దొరికితే 1, లేకపోతే 0 అని రాస్తే 1-0-1. ఆ నడిమి సున్నా దగ్గర పిట్ట బతికే ఉంది, మనకే దొరకలేదు. 1964-65లో కార్మాక్, జోలీ, సీబర్ అనే గణాంక శాస్త్రవేత్తలు కట్టిన, మనుగడనూ చిక్కే అవకాశాన్నీ విడదీసే లెక్కల మోడల్‌కు ఇదే పునాది. ఆరోగ్యం, జబ్బు అనే స్థితులనూ, ఒకదాని నుంచి ఇంకోదానికి మారే రేటునూ కలుపుకున్నవి మల్టీస్టేట్ మోడళ్లు. మూడోసారి లేకుండా రెండే రెండుసార్లు వల కట్టి వచ్చి "మేడమ్, మోడల్ వేసి పెట్టండి" అంటే నేనేం చేయను? ఇంకో మాట, శాశ్వతంగా వలస పోయిన పిట్టను చచ్చినదాని నుంచి ఈ మోడళ్లు కూడా వేరు చేయలేవు. అందుకే అది 'కనిపించే మనుగడ' మాత్రమే.

నేనూ ఈ గోతిలో పడ్డదాన్నే. చదువుకునే రోజుల్లో ఒక క్యాంపస్‌లో పిగిలిపిట్టలకు రంగు రింగులు వేసేదాన్ని. కాలి మీద మశూచి బుడిపెలున్న ఒకదానికి ఎర్ర రింగు మీద పసుపు రింగు. మూడు నెలలు వలలో పడలేదు. పుస్తకంలో దాని పేరు కొట్టేశా. ఓ పొద్దున వాచ్‌మన్ తాత అన్నాడు: "ఎర్రుంగరం పిట్టనా? అది ఏడికి వోలేదు బిడ్డా. కుంటుకుంట పైపు కాడ్నే తిరుగుతది." వెళ్లి చూస్తే కారుతున్న నల్లా కింద, గోరింట పొద మొదట్లో ఉంది. ఎగరడం తగ్గించేసింది, నా వలేమో పొదకు రెండు గజాల పైన. జబ్బు పిట్టలు తప్పించుకునే చోటే ఏరి మరీ వల కట్టానన్నమాట. ఆ ఏడాది పట్టికలన్నీ చింపేసి మళ్లీ రాశా.

అపోహ: వయసు వేరే లెక్క, జబ్బు వేరే లెక్క.

కాదు. తొలి ఏడాది పిల్లలు జబ్బు లేకున్నా ఎక్కువగానే చస్తాయి. జబ్బు గుంపులో పిల్లలే ఎక్కువుంటే ఆ చావులన్నీ జబ్బు ఖాతాలో పడతాయి. తిరగేసి కూడా జరుగుతుంది. ఆస్ట్రేలియాలోని టాస్మేనియా దీవిలో ఉండే టాస్మేనియన్ డెవిల్స్ అనే జంతువుల్లో ముఖం మీద కణితుల జబ్బు 1996లో బయటపడ్డాక, అది పాకిన చోట్ల మూడేళ్లు దాటినవి దాదాపు లేకుండా పోయాయి. ఆడవి ఏడాదికే ఈనడం మొదలుపెట్టాయి. అంటే జబ్బే ఆ గుంపు వయసు రూపాన్ని మార్చేసింది. ఇక పెద్దయ్యాక మొదటిసారి పట్టిన జంతువు వయసు 'తెలియదు' అనే రాయండి, దయచేసి. అందాజుగా రెండేళ్లు అని వేయకండి.

అపోహ: పరీక్షలో నెగటివ్ అంటే ఆరోగ్యం.

ఇంగ్లండ్‌లోని వుడ్‌చెస్టర్ పార్కులో బ్యాడ్జర్లను (బొరియల్లో ఉండే అడవి జంతువులు) 1970ల నుంచి దశాబ్దాల పాటు పట్టి, గుర్తేసి, క్షయకు పరీక్షించారు. ఒక్క పరీక్షను నమ్ముకోవడం కుదరదని అక్కడి అనుభవం. జబ్బుందో లేదో అనే స్థితి మీదే అనుమానం ఉంటే, ఆ అనుమానాన్నీ లెక్కలో కలుపుకునే మల్టీఈవెంట్ మోడల్ వాడండి, అంతే. మరోటి, రెండు వారాల్లో తగ్గిపోయే జబ్బును మూడు నెలలకోసారి వెళ్లి చూస్తే సోకిందీ తెలియదు, తగ్గిందీ తెలియదు.

మిగతావి గబగబా. కాలికి రింగున్న పిట్ట గూఢచారి కాదు. పక్షి మశూచి మనుషులకు అంటదు, కాబట్టి మేడమీద బుడిపెల కాళ్ల పావురం వాలిందని భయపడి ఫోన్ చేసిన అక్కయ్యా, మీ పిల్లలకేం కాదు, నీళ్ల గిన్నె మాత్రం రోజూ కడగండి. రింగున్న చచ్చిన పిట్ట దొరికితే చేతికి కవరు తొడుక్కుని రింగు మీది నంబరు, తేదీ, చోటు రాసుకుని ఫొటో తీయండి. ఖాయంగా చచ్చిందని తెలిసిన పిట్ట నాలాంటి వాళ్లకు ఎంత అపురూపమో మీకు తెలియదు.