పాయల్ తడ్వీ కేసు వెనక ఉన్న పాత కథ

డాక్టర్ పాయల్ తడ్వీ 2019 మే 22న ముంబైలో, హాస్టల్ గదిలో ఆత్మహత్య చేసుకున్నారు. వయసు 26. జల్‌గావ్ జిల్లాకు చెందిన తడ్వీ భిల్ ఆదివాసీ కుటుంబం. నాయర్ ఆసుపత్రికి అనుబంధంగా ఉన్న టోపీవాలా మెడికల్ కాలేజీలో ఎస్టీ కోటాలో గైనకాలజీ పీజీ సీటు తెచ్చుకుని ఏడాది దాటిందంతే. ముగ్గురు సీనియర్లు కులం పేరెత్తి అవమానించేవారని, కాన్పులు, ఆపరేషన్ల దగ్గరికి రానిచ్చేవారు కాదని కుటుంబం ఫిర్యాదు చేసింది. నిందితులు కాదన్నారు.

ఆ ఫిర్యాదులో రెండో మాట దగ్గర కాస్త ఆగాలి. పీజీలో సగం చదువు చేతిపనే. కాన్పులు చేస్తేనే కాన్పు చేయడం వస్తుంది. లేబర్ రూమ్‌లో ఎవరికి ఏ కేసు ఇవ్వాలో, వార్డులో కేస్ షీట్లు రాస్తూ ఎవరు కూర్చోవాలో చాలాచోట్ల సీనియర్లే తేలుస్తారు. ఒకరిని పక్కన పెట్టడానికి నోరు పారేసుకోనక్కర్లేదు, కేసు ఇవ్వకపోతే చాలు. రేపు ‘ఆమెకు పని రాదు’ అనడానికి అదే సాక్ష్యం.

ఇది 2019లో మొదలైంది కాదు. 2006లో ఓబీసీ రిజర్వేషన్లకు వ్యతిరేకంగా ఢిల్లీ ఎయిమ్స్ అట్టుడికినప్పుడు, అక్కడి ఎస్సీ, ఎస్టీ విద్యార్థుల ఫిర్యాదులపై కేంద్రం సుఖదేవ్ థోరట్ కమిటీని వేసింది. వేధింపులు పడలేక వాళ్లు గదులు ఖాళీ చేసి, హాస్టళ్లలో కొన్ని అంతస్తుల్లోనే ఒకచోట చేరారని 2007లో ఆ కమిటీ రాసింది. టీచర్ల నుంచి సరైన అండ లేదని నూటికి 69 మంది చెప్పారు. ప్రాక్టికల్స్, వైవా మార్కుల మీదా ఫిర్యాదులే. యాజమాన్యం మాత్రం నివేదికను ఒప్పుకోలేదు. రాష్ట్రాల ప్రభుత్వ కాలేజీల నుంచి కేంద్రం తీసుకుని భర్తీ చేసే అఖిల భారత కోటా పీజీ సీట్లలో ఎస్సీ, ఎస్టీ రిజర్వేషన్ అమల్లోకి వచ్చిందీ ఆ ఏడాదే. అంటే వచ్చేవాళ్లకు ఏం ఎదురుకాబోతోందో ప్రభుత్వానికి ముందే తెలుసు.

2009లో మెడికల్ కౌన్సిల్ నిబంధనలు తెచ్చింది, కానీ ర్యాగింగ్ మీద. కుల వివక్షపై యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ (యూజీసీ) నిబంధనలు 2012లో వచ్చాయి. చాలా కాలేజీల్లో అవి కాగితం దాటలేదు. 2023 ఫిబ్రవరిలో వరంగల్ కాకతీయ మెడికల్ కాలేజీలో అనస్థీషియా పీజీ మొదటి ఏడాది చదువుతున్న గిరిజన విద్యార్థిని చనిపోయినప్పుడు, ఒక సీనియర్‌పై ర్యాగింగ్, అట్రాసిటీ చట్టాలు రెండూ పెట్టారు.

ఆ 2012 నిబంధనలను సరిగా అమలు చేయించాలని 2019లోనే పాయల్ తల్లి ఆబేదా, 2016లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఆత్మహత్య చేసుకున్న మన గుంటూరు విద్యార్థి రోహిత్ వేముల తల్లి రాధిక కలిసి సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఆ కేసు నడుస్తుండగానే 2026 జనవరిలో యూజీసీ కొత్త నిబంధనలు ప్రకటించింది. అదే నెలలో కోర్టు వాటిపై స్టే ఇచ్చి, స్టే ఉన్నంతకాలం 2012వే కొనసాగాలంది.