పాత ఫొటోల స్కానింగ్: మా స్టూడియోలో రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

మొన్న ఒకాయన వాళ్ల నాన్నగారి పెద్దకర్మకి 12×18 అంగుళాల ఫొటో కావాలంటూ వాట్సాప్‌లో పంపారు. చూస్తే 60 కేబీ. అసలు ప్రింటు బీరువాలోనే ఉందట, దాన్ని అబ్బాయి ఫోన్‌తో తీసి అక్కకి పంపితే, అక్క బావకి పంపితే, అలా తిరిగి తిరిగి నా దగ్గరికొచ్చింది. "డీపీఐ పెంచేయండి, సరిపోతుంది" అన్నారు. ఈ మాట వినని వారం లేదు నాకు.

అపోహ: డీపీఐ పెంచితే క్లారిటీ వస్తుంది.

ఫైల్లో ఉండేవి పిక్సెల్స్, అంటే ఫొటోని కూర్చే చిన్న చిన్న రంగు చుక్కలు. వాటిని కాగితం మీద అంగుళానికి ఎన్ని చొప్పున పరచాలో చెప్పే అంకె డీపీఐ, అంతే. 1200×1800 పిక్సెల్స్ ఉన్న ఫొటో 300 దగ్గర 4×6 వస్తుంది, 100 దగ్గర 12×18 వస్తుంది, ఫొటో మాత్రం అదే. ఫొటోషాప్‌లో రీశాంపుల్ (పిక్సెల్స్ సంఖ్య మార్చే ఆప్షన్) టిక్ తీసేసి 72ని 300 చేసి చూడండి, ఒక్క పిక్సెల్ మారదు. టిక్ ఉంచి పెంచారంటే కొత్త పిక్సెల్స్ వస్తాయి గానీ అవి పక్కవాటిని చూసి అల్లినవి. పాలల్లో నీళ్లు కలిపినట్టే, చెంబైతే నిండుతుంది.

స్కానర్ దగ్గర మాత్రం డీపీఐకి నిజంగా విలువుంది. 4×6 ప్రింటుని 600లో స్కాన్ చేస్తే 2400×3600 వస్తాయి, 12×18 వేస్తే అంగుళానికి 200 పడతాయి, గోడకి పెట్టే ఫొటోకి అది చాలు.

అలాగని 1200 పెడితే ఇంకా బాగుంటుందా? మామూలు ప్రింటులో అంత వివరమే ఉండదు, కాగితం గరుకూ దుమ్మూ పెద్దవై కనిపిస్తాయి, పైగా కంప్రెస్ చేయకపోతే ఫైలు 100 ఎంబీ దాటుతుంది. స్టాంపు సైజు ఫొటోలకీ, గ్రూప్ ఫొటోలో గోరంత ముఖానికీ అయితే నేనూ 1200 పెడతా. నెగెటివ్ ఉంటే ప్రింటు కంటే అదే మేలు, దయచేసి పారేయకండి.

అపోహ: బ్లాక్ అండ్ వైట్ ఫొటోని రంగుల్లేని గ్రేస్కేల్‌లోనే స్కాన్ చేయాలి.

నేను కలర్‌లోనే చేస్తా. కలర్ స్కాన్‌లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు పొరలుంటాయి, వాటినే ఛానెల్స్ అంటారు. పసుపు మరకో టీ మరకో ఉన్న ఫొటోలో బ్లూ ఛానెల్ చూస్తే మరక నల్లగా కనిపిస్తుంది, రెడ్ ఛానెల్‌లో చాలావరకు మాయమవుతుంది. ఆ ఒక్క ఛానెల్ తీసుకుంటే గంట రీటచింగ్ తప్పుతుంది.

అపోహ: ఫ్రేము అద్దానికి అంటుకున్న ఫొటోని పీకి తేవాలి.

వద్దు బాబూ, పీకితే ముఖం అద్దం మీదే ఉండిపోతుంది. ఫ్రేముతో సహా తెండి. పల్చటి స్కానర్లలో అద్దం మందానికే ఫోకస్ తప్పుతుంది కాబట్టి, అలాంటివి అటూ ఇటూ 45 డిగ్రీల్లో లైట్లు పెట్టి కెమెరాతో తీస్తాను.

ఇక ఉద్యోగం అప్లికేషన్లలో అడిగే 20 నుంచి 50 కేబీ గోల. పిక్సెల్స్ అలాగే ఉంచి క్వాలిటీ అట్టడుక్కి లాగేస్తారు, ముఖమంతా గళ్లు గళ్లవుతుంది. ముందు సైజు తగ్గించాలి. 3.5×4.5 సెంటీమీటర్లకి 300 డీపీఐ అంటే 413×531 పిక్సెల్స్. ఆ తర్వాత క్వాలిటీ కాస్త తగ్గిస్తే మొత్తం దారిలోకొస్తుంది. కాకపోతే సేవ్ యాజ్ కొట్టండి, సేవ్ కాదు. నేనే ఒకసారి 600లో చేసిన స్కాన్ మీదే చిన్న సైజు సేవ్ చేసేసి, తిరిగిచ్చేసిన ప్రింటు కోసం మళ్లీ బండేసుకుని వాళ్ల ఊరు వెళ్లొచ్చాను.

పెద్దకర్మ ఫొటో ఏమైందంటే, ఆయన ముందు ఏదో ఏఐ యాప్‌లో వేసి తెచ్చారు. కళ్లు తళతళలాడుతున్నాయి గానీ గడ్డం మీద పుట్టుమచ్చ లేదు, వాళ్లమ్మగారు చూసి "ఈయనెవరు?" అన్నారట. మధ్యాహ్నానికి ప్రింటు పట్టుకొచ్చారు. 600లో స్కాన్ చేస్తే పుట్టుమచ్చా ఉంది, జేబులో పెన్ను క్లిప్పూ కనిపించింది.